నిద్రపోని భాగస్వామి

అబ్లా పోయిందని ఆమె అన్న కొడుకు మెసేజీ పెట్టినప్పుడు నేను కువైట్‌లో, షువైఖ్‌లోని మా గ్యారేజీలో ఒక కారు కింద పడుకుని ఉన్నాను. చేతులు తుడుచుకుని చదివాను. చదవగానే ఏడుపు రాలేదు. ఇది నిజమేనా అనిపించింది. ఆమె ఆస్పత్రిలో ఉందని తెలుసు. బతకడం కష్టమని డాక్టర్లు అన్న సంగతీ తెలుసు. అయినా మెసేజీ పెట్టినవాడి పేరు చూశాక నమ్మబుద్ధి కాలేదు. మా స్నేహితుడు ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేసి, వేరే ఎవరినైనా అడిగి చెప్పమన్నాను.

"సావు గురించి గూడా అబద్ధం ఆడతారా సుబ్బరాయుడూ?" అన్నాడు ఖాదర్ భాయ్. మళ్ళీ ఆయనే, "ఉండు, కనుక్కుంటా" అన్నాడు.

ఇట్లా అనుమానపడడం మా ఇద్దరికీ నేర్పింది ఆమే.

కువైట్‌లో బడిలో చదువు చెప్పే ఆడవాళ్ళను అబ్లా అంటారు. ఆమె లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. బడి మానేసి ఎన్నేళ్ళయినా బ్యాంకులోనూ సంతలోనూ మా గ్యారేజీలోనూ అందరికీ అబ్లానే. అసలు పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. ఎవరైనా పేరడిగితే, "నా పేరుతో నీకేం పని?" అని తిరిగి అడిగే మనిషి.

నేను మొదటిసారి ఆమెను చూసినప్పుడు వేరేవాళ్ళ గ్యారేజీలో పనిచేసేవాణ్ణి. కార్ల ఏసీలు బాగుచెయ్యడం నా పని. ఆగస్టు ఎండలో ఒక పాత తెల్ల కారు వచ్చి ఆగింది. పొట్టి మనిషి, నల్ల అబాయా, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు. బండి ఇచ్చి చల్లటి గదిలో కూర్చోవడం అక్కడ అందరూ చేసే పని. ఆమె కూర్చోలేదు. రేకుల నీడన నిలబడి నా చేతుల వైపే చూస్తూ ఉంది.

బానెట్ ఎత్తితే కంప్రెసర్ మీద ఒక ఎర్ర చుక్క కనిపించింది. బ్యాటరీ మీద ఒకటి, ఫ్యాన్ మోటారు మీద ఒకటి.

"ఇవేంటి?" అన్నాను.

"నెయిల్ పాలిష్. మంచి సామాను తీసుకుని పాతది బిగిస్తారు కదా మీరు."

"మేం అట్లాంటి పని చెయ్యం, వల్లాహ్."

అక్కడ మాటకు ముందొకసారి వెనకొకసారి దేవుడి మీద ఒట్టు వెయ్యడం అందరికీ అలవాటే. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"బ్యాటరీ సంగతికి దేవుణ్ణి ఎందుకు పిలుస్తావు? బ్యాటరీ సంగతి నువ్వు చెప్తే చాలు."

సాయంత్రం వచ్చి చుక్కలన్నీ వంగి వంగి చూసుకుంది. అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ముఖంలో సంతోషమేమీ లేదు. "నెయిల్ పాలిష్ నీకు కూడా దొరుకుతుంది" అనేసి వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది వేసవిలో వచ్చినప్పుడు చుక్కలు ఆకుపచ్చగా ఉన్నాయి.

అయినా నా దగ్గరికే వచ్చేది. ఆ గ్యారేజీలో ఇంకో మనిషి బానెట్ మీద చెయ్యి వేస్తే ఊరుకునేది కాదు. కొన్నేళ్ళలో ఆమె పద్ధతులన్నీ నాకు తెలిసిపోయాయి. ఫోన్ ఎత్తి హలో అనదు. అవతలివాళ్ళు నోరు విప్పేదాకా ఊపిరి శబ్దం కూడా వినపడనివ్వదు. ఒక ప్రశ్న అడిగి, జవాబు విని, వేరే సంగతులన్నీ మాట్లాడి, మనం మరిచిపోయిన తర్వాత మళ్ళీ అదే ప్రశ్న అడుగుతుంది. రెండు జవాబుల్లో ఒక్క మాట తేడా వచ్చినా పట్టుకుంటుంది. ఎవరైనా పొగిడితే, "ఏం కావాలి నీకు?" అని అడుగుతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని గ్యారేజీలో ఒక సిరియా ఆయన అడిగాడొకసారి. "వచ్చినవాళ్ళందరూ నేను చాలా మంచిదాన్ననే చెప్పారు. నన్ను చూడకముందే వాళ్ళకెలా తెలిసింది?" అంది. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

సొంతంగా గ్యారేజీ పెట్టుకోవాలని నాకు చాలాకాలంగా ఉండేది. చేతిలో పని ఉంది, నా పేరు చెప్పుకుని వచ్చే బళ్ళున్నాయి. కానీ ఆ దేశంలో బయటివాడు ఒక్కడే కంపెనీ తెరవడం మాలాంటివాళ్ళకు కుదరదు. కంపెనీలో సగానికి పైన ఒక కువైటీ పేరు మీద ఉండాలి. పేరిచ్చి, ఏడాదికింత అని తీసుకుని, మళ్ళీ ఆ వైపు తొంగి చూడనివాళ్ళు దొరుకుతారు. స్లీపింగ్ పార్ట్‌నర్ అంటాం. వాళ్ళు నిద్రపోయినంతకాలం బాగానే ఉంటుంది. మా కడప వైపు ఆయన ఒకడు తాపత్రయపడి ఫర్నిచర్ కొట్టు పెట్టాడు. సెలవుకు ఊరికి పోయి వచ్చేసరికి తాళం మారింది. కాగితాల ప్రకారం కొట్టు భాగస్వామిది. ఎవరికి చెప్పుకుంటాడు?

నా భార్య రమణమ్మ ఒక కువైటీ ఇంట్లో వంట పని చేసేది. నేనీ మాట ఎత్తగానే ఎగిరిపడింది.

"వద్దయ్యా. వాళ్ళిండ్లల్లో పన్జేసేదాన్ని నేను. బాగున్నన్నాళ్ళు కూతురంటారు. ఏదన్నా పోతే ముందు నా గదే ఎతుకుతారు. వాళ్ళ పేరు మీద నీ కొట్టు పెడ్తావా?"

"అందరూ ఒకటే మాదిరి ఉండరు గదే."

"ఉండరు. ఉండేటోళ్ళు ఎవురో నీకెట్ల తెలుస్తాది?"

ఇద్దరు ముగ్గురిని చూశాను. ఒకడు మొదటిరోజే భుజం మీద చెయ్యి వేసి, "మనం అన్నదమ్ములం" అన్నాడు. ఇంటికొచ్చినా ఆ చెయ్యి బరువు తగ్గలేదు. అప్పుడు అబ్లా గుర్తొచ్చింది. ఆమె బండి బాగుచేసిన రోజే అడిగేశాను.

"నన్నే ఎందుకు అడుగుతున్నావు?" అంది.

పొగిడితే చెడిపోతుందని తెలుసు. "మిమ్మల్ని మోసం చేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మీ పేరు మీద ఉంటే నా గ్యారేజీ జోలికి కూడా ఎవరూ రారని" అన్నాను.

"మరి నేనే వస్తే?"

"ఆ భయం ఉంది."

ఆమె బండెక్కి వెళ్ళిపోయింది. కొన్ని వారాలు జాడ లేదు. ఈలోగా రిగ్గైలో మా బిల్డింగు కిందున్న కిరాణా కొట్టు మలయాళీ నన్ను పిలిచి, "నీమీద ఏదైనా కేసుందా? ఒక కువైటీ ముసలామె వచ్చి నువ్వు తాగుతావా, అప్పులున్నాయా, మాట మీద ఉంటావా అని అడిగిపోయింది" అన్నాడు. మా వాచ్‌మన్‌ను అడిగింది. పక్క గది బెంగాలీ వాళ్ళను అడిగింది. చివరికి రమణమ్మ పనిచేసే ఇంటి మామాకు, అంటే ఆ ఇంటి యజమానురాలికి కూడా ఎవరి ద్వారానో ఫోన్ చేయించింది.

రమణమ్మ ఆ రోజు గదిలోకి వస్తూనే, "ఏందిది, పెండ్లి సంబంధమా? ఆయమ్మ కూతుర్నేమన్నా అడిగినామా?" అంది. తర్వాత బియ్యం కడుగుతూ, తనలో తాను అనుకున్నట్టు, "ఇంత ఇచారించుకునేది మోసం జేసేటట్టు ల్యా" అంది. మళ్ళీ వెంటనే, "ఏమో, మనకు ఆ మాదిరి అనిపిచ్చేదానికే అట్ల చేసిందేమో" అని కూడా అంది.

అబ్లా ఒప్పుకుంది. కానీ ఏడాదికింత అనే పద్ధతి వద్దంది. "నేను నిద్రపోయే భాగస్వామిని కాను. మధ్యాహ్నం కూడా పడుకోను. లాభమొస్తే నా వంతు, నష్టమొస్తే నా వంతు. వారానికొకసారి వచ్చి కూర్చుంటా" అంది. ఆ వచ్చి కూర్చోవడం ఎట్లా ఉంటుందో నాకప్పటికి తెలియదు.

కంపెనీ ఒప్పందం మీద సంతకాలు పెట్టడానికి సిటీలో ఆఫీసుకు పోయాం. కాగితమంతా అరబ్బీలో ఉంది. నేను అరబ్బీ మాట్లాడగలను, చదవలేను. టైపింగ్ చేసిన మనిషి బయటే నాకు హిందీలో చెప్పాడు. లోపల అధికారి గడగడా చదివేసి, పెన్ను నా వైపు తోశాడు. నేను పెన్ను తీసుకున్నాను.

అబ్లా నా చెయ్యి మీద తన చేతిసంచి పెట్టింది.

"ఇందులో ఏముంది?" అని అడిగింది.

"టైపింగ్ ఆయన చెప్పాడు కదా అబ్లా."

"అతన్ని ఎవరు తెచ్చారు?"

"మీరే."

"నేను తెచ్చిన మనిషి నా మనిషి. నా మనిషి మాట నువ్వెందుకు నమ్మాలి? నీ మనిషిని తెచ్చుకో."

వెనక జనం నిలబడి ఉన్నారు. అధికారి విసుక్కున్నాడు. "అమ్మా, మోసపోతే అతను మోసపోతాడు, మీకేం?" అన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగి, క్లాసులో వెనక బెంచీ పిల్లవాణ్ణి లేపినట్టు, "చదవకుండా సంతకం పెట్టేవాడు రేపు నా కంపెనీ తరఫున కూడా చదవకుండా పెడతాడు" అంది. కాగితాలు తీసుకుని లేచింది. మా వంతు పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి రాగానే ఇంకో భయం పట్టుకుంది. ఇదంతా నా నమ్మకం సంపాదించడానికి వేసిన ఎత్తు కాదు కదా? ఆమె పక్కన నడుస్తూ ఆ మాటే అనుకున్నాను. పైకి అనలేదు. ఆమె మాత్రం, "ఇప్పుడు నా మీద అనుమానం వచ్చింది కదా? మంచిది" అంది.

ఖాదర్ భాయ్ అట్లా వచ్చాడు. రాయచోటి మనిషి, మదరసాలో చదువుకున్నవాడు, అరబ్బీ బాగా చదువుతాడు. మా గదిలో కింద చాప మీద కూర్చుని ఒప్పందమంతా వాక్యం వాక్యం తెలుగులో చెప్పాడు. "అంతా సరిగ్గానే ఉండాది. ఒగటే మాట. ఆయమ్మ పోతే ఆయమ్మ వంతు వారసులకు పోతాది. పిల్లల్లేరు గదా, అన్న కొడుకు ఉన్నాడంట. రేపు నీ భాగస్వామి వాడే" అన్నాడు. ఈ మాట మరునాడు అబ్లాతో అన్నాను. "ఈ కాగితంలో నువ్వు భయపడవలసింది అదొక్కటే. భయపడ్డావు. ఇప్పుడు పద, సంతకం పెడదాం" అంది.

గ్యారేజీ తెరిచాం. వారానికొకసారి వచ్చేది. గోడకు వీపు ఆనించి, వాకిలి కనిపించేట్టు కుర్చీ వేసుకునేది. గ్యాసు డబ్బా తూకం చూసేది. బండి తెచ్చినవాణ్ణి, "ఇతను నీకేం చెప్పాడు? ఆ మాట నాకు చెప్పు" అని అడిగేది. నన్ను పక్కనే పెట్టుకుని నా మీదే విచారణ. మొదట్లో చచ్చేంత సిగ్గయ్యేది. తర్వాత చూస్తే, ఆ ముసలామె కూర్చునే రోజునే రావడానికి ఇష్టపడే ఖాతాదారులు తయారయ్యారు.

ఆమె అన్న కొడుకు ఆ తర్వాత రావడం మొదలుపెట్టాడు. అత్తరు వాసన, కాళ్ళదాకా తెల్లని దిష్దాషా, మెత్తని మాట. వచ్చినప్పుడల్లా ఖర్జూరం పెట్టె తెచ్చేవాడు. ఎవరిని అడిగి నేర్చుకున్నాడో, "బాగున్నారా?" అని తెలుగులో పలకరించేవాడు. ఒకసారి మమ్మల్నిద్దరినీ బండిలో ఎక్కించుకుని మా గది దగ్గర దింపాడు. రమణమ్మకు కూడా నచ్చాడు. "ఈ పిల్లోడు ఆయమ్మ మాదిరి కాదు, మనిషి మాదిరి మాట్లాడ్తాడు" అంది.

అబ్లా అడిగింది. "ఏమడిగాడు నిన్ను?"

"ఏమీ అడగలేదు."

మిగతా సంగతులన్నీ మాట్లాడి, పోబోయే ముందు మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను.

"ఖర్జూరం ఊరికే తెచ్చేవాడు మా ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు" అని వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. సొంత రక్తాన్ని కూడా నమ్మని మనిషి నన్నెట్లా నమ్ముతుంది అనుకున్నాను. ఆ కోపం మీదున్నప్పుడే అతను నాతో మెల్లగా ఒక మాట అన్నాడు. అత్త తన వంతును ఎదురు వీధిలోని పెద్ద గ్యారేజీకి అమ్మేస్తోందట. నాకు చెప్పొద్దందట. మనసు ఆగక చెబుతున్నాడట. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ఆమె గ్యాసు డబ్బా తూకం చూస్తుంటే, కొనేవాడికి చెప్పడానికే చూస్తోందనిపించింది. సామాను వైపు చూస్తే లెక్క వేసుకుంటోందనిపించింది. ఆమె కూడా ఆ వారం నా వైపు వేరేగా చూసింది.

చివరికి ఆమే కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"నువ్వు ఇంకెవరితోనో కలిసి వేరే గ్యారేజీ పెడుతున్నావా?"

"లేదు. మీరు మీ వంతు అమ్ముతున్నారా?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఎవరు చెప్పారని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు.

"మా అన్న కొడుక్కి ఫోన్ చెయ్యి. పైకి వినపడేట్టు పెట్టు" అంది.

చేశాను. అతను చాలా సంతోషంగా ఎత్తాడు. ఆలోచించుకున్నానని, ఏం చెయ్యమంటావని అడిగాను. "నేను చెప్పలేదా? ముసలామెకు మతి సరిగా లేదు. నువ్వు తప్పుకుంటానని రాసిచ్చెయ్. ఆమెను ఒప్పించి అమ్మించేది నేను చూసుకుంటా. కొత్త గ్యారేజీలో నిన్ను మేనేజరుగా పెట్టుకుంటా" అన్నాడు. అబ్లా బల్ల మీద చేతులు పెట్టుకుని, ఊపిరి కూడా వినపడకుండా కూర్చుని ఉంది. అతను ఇంకా ఏవో చెప్పాడు. చివరికి ఆమె అతని పేరు పిలిచింది. పేరొక్కటే. అవతల ఫోన్ కట్టయింది.

తన అనుమానం నిజమైనందుకు గర్వపడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ వాకిలి వైపు తిప్పుకుంది.

"చిన్నప్పుడు వాణ్ణి నేనే పెంచాను" అంది. మళ్ళీ, "సుబ్బా, నేను అందర్నీ అనుమానిస్తాను. ఎక్కువసార్లు తప్పే అవుతుంది. తప్పయిన రోజు నాకు హాయిగా ఉంటుంది. నా బండి బ్యాటరీ మీద చుక్క ఉన్న రోజు నేను ఇంటికి పాడుకుంటూ పోయాను. నీకు తెలియదు" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు రాలేదు. ఒకరోజు సిటీలో ఆ ఆఫీసుకే రమ్మని కబురు పెట్టింది. ఖాదర్ భాయ్‌ని వెంటబెట్టుకునే పోయాను. ఆమె పక్కన ఇంకో కువైటీ ఆడమనిషి ఉంది. నడివయసు, వకీలు, నవ్వని ముఖం.

"నా వంతు ఈమె పేరు మీద రాస్తాను. నేను పోయాక వాడితో కోర్టుల చుట్టూ తిరగడం నీ వల్ల కాదు. నీ సంతకం కూడా కావాలి, వెంటనే పెట్టకు" అంది అబ్లా.

"ఈమె ఎవరు?"

"నా దగ్గర చదువుకుంది. పరీక్షలో కాపీ కొడుతూ దొరికింది."

నేను ఖాదర్ భాయ్ వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఆ వకీలు మాత్రం తల వంచుకోలేదు.

"ఎంతోమంది దొరికారు. చీటీ తమది కాదని ఏడ్చారు, దేవుడి మీద ఒట్లు వేశారు. ఈమె ఒక్కతే, అవును అబ్లా, నాదే, అంది. ఆ ఏడాది తప్పింది. మరుసటి ఏడాది మళ్ళీ నా క్లాసులోనే కూర్చుని రాసింది" అంది అబ్లా. "నా మాట నమ్మొద్దు. పోయి విచారించుకో."

నాలాంటివాడు ఒక కువైటీ వకీలు గురించి విచారించడం ఎక్కడైనా ఉందా? కానీ ఆమె ఇంటి డ్రైవరు మా రాయచోటి మనిషేనని ఖాదర్ భాయ్ పట్టుకొచ్చాడు. "జీతం ఆపిందా? తిడతాదా? చెప్పిన మాట మారుస్తాదా?" అని ఇద్దరం అతన్ని టీ కొట్టు దగ్గర నిలబెట్టి అడిగాం. "తిడతాది. మాట మార్చదు" అన్నాడతను. టీ అయిపోయాక ఖాదర్ భాయ్ అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. అదే జవాబు వచ్చింది. సంతకం పెట్టాను.

కంపెనీలో అబ్లాకు ఇక ఏమీ లేదు. రావడం మానేస్తుందనుకున్నాను. ఆ వారమే వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. "ఇప్పుడు నేను ఖాతాదారుని. ఇంకా గట్టిగా అడుగుతా" అంది. మోకాళ్ళు సహకరించినంతకాలం అట్లాగే వచ్చింది.

అన్న కొడుకు మెసేజీ నిజమేనని ఖాదర్ భాయ్ కనుక్కుని చెప్పాడు. ఆయన శ్మశానం లోపలికి పోయి మట్టి వేసి వచ్చాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. తర్వాత పరామర్శకు వాళ్ళింటికి పోయాను. మగవాళ్ళు కూర్చునే పెద్ద గదిలో వరసగా అందరి చేతులూ పట్టుకుంటూ వచ్చి, ఆ అన్న కొడుకు దగ్గర ఆగాను. అతను నా చెయ్యి వదల్లేదు. మెల్లగా పక్కకు తీసుకుపోయాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడో, నిద్ర లేదో.

"చివర్లో ఆస్పత్రికి వెళ్ళావట కదా. మా అత్త నీకేమైనా చెప్పిందా? నా గురించి గానీ, ఇంటి గురించి గానీ?"

"ఏమీ చెప్పలేదు" అన్నాను.

అది నిజం. నాకు ఏమీ చెప్పలేదు. నేను ఆస్పత్రికి పోయింది శుక్రవారం, గ్యారేజీకి సెలవు. పొద్దున్నుంచి ఆమె మంచం పక్కన కూర్చున్నాను. కాసేపు గుర్తుపట్టింది, కాసేపు ఎవరో అనుకుంది. మధ్యాహ్నం మలయాళీ నర్సు వచ్చి, "అమ్మా, మాత్ర వేసుకున్నారా?" అని అరబ్బీలో అడిగింది.

"వేసుకున్నాను" అంది అబ్లా. వెంటనే ఏదో అనుమానం వచ్చినట్టు కనుబొమలు ముడివేసుకుంది. నర్సు చెయ్యి పట్టుకుంది.

"నా మాట నమ్మకు. నిన్నటి నుంచి నాకేదీ గుర్తు నిలవడం లేదు. పొద్దున్నుంచి ఇతను ఇక్కడే ఉన్నాడు, ఇతన్ని అడుగు."

నర్సు నా వైపు చూసింది. "లేదు సిస్టర్, వేసుకోలేదు. అదుగో, గ్లాసు పక్కనే ఉంది" అన్నాను.

అబ్లా అది ఏం మాత్ర అని అడగలేదు. కళ్ళద్దాల కోసం వెతకలేదు. నా వైపు చెయ్యి చాచింది. మాత్ర అందులో పెట్టాను. చూడకుండానే నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.